పొలానికి పట్నం పన్ను వచ్చినప్పుడు

నిన్నటిదాకా మీది పంచాయతీ. శనివారపుపేటలోనో, తంగెళ్లమూడిలోనో, సత్రంపాడులోనో పొద్దున్నే వెళ్లి మడవ కట్టుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని టీ తాగేవారు. ఊరు ఏలూరు కార్పొరేషన్‌లో కలిసింది. చేను ఉన్నచోటే ఉంది. గట్టు మీద తాడిచెట్లూ అక్కడే ఉన్నాయి. ఒకరోజు వార్డు సచివాలయం నుంచి కాగితం వచ్చింది. దాని మీద మీ సర్వే నంబరు, పక్కన ‘ఖాళీ స్థలం పన్ను’ అన్న మాట, కింద అంకె. గుండె జారింది కదూ?

ఖాళీ స్థలమా? మొన్న కార్తీకంలో మీరు పనలు వేసింది అక్కడే కదా!

ఇలాంటి కాగితం రాగానే మనవాళ్లు రెండు రకాలుగా ప్రవర్తిస్తారు. కొందరు భయపడి, ఎవరినీ అడక్కుండా కట్టేస్తారు. ఇంకొందరు కోపంతో కాగితాన్ని చూరులో దోపి మరిచిపోతారు. రెండూ నష్టమే. మొదటివాళ్లు తమ చేను ఖాళీ స్థలమని తామే ఒప్పుకున్నట్టవుతుంది. రెండోవాళ్లకి బకాయి మీద నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పెరుగుతుంది. కాగితం అందిన మొదటి వారంలో చేయాల్సిన పనులు, ఏడాది పొడుగునా పెట్టుకోవాల్సిన అలవాట్లు ఇక్కడ చెబుతాను. తాడేపల్లిగూడెం మున్సిపాలిటీ అంచున చేను ఉన్నవాళ్లకీ ఇవే పనికొస్తాయి.

ముందు మీ వైపు న్యాయం ఎంత ఉందో మీకు తెలియాలి. తెలియకపోతే కౌంటరు దగ్గర గొంతు పెగలదు.

పట్నంలో ఆస్తి పన్ను అంటే ఒకే పన్ను కాదు. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం 85వ సెక్షన్ దాన్ని పద్దులుగా చూపిస్తుంది: సాధారణ పన్ను, నీరు-మురుగు పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్యం పన్ను. అంటే వీధి కాలువలు తవ్వడానికి, పూడిక తీయడానికి అయ్యే ఖర్చు కూడా అందులోనే కలిసి ఉంది. ఆ చట్టమే భవనాలు లేని స్థలాల గురించి చెబుతూ, వ్యవసాయానికి మాత్రమే వాడుతున్న భూమిని ఖాళీ స్థలాల లెక్కలోంచి పక్కన పెట్టింది. ఏలూరు లాంటి కార్పొరేషన్లకి వర్తించే చట్టంలోనూ ఇదే మాట ఉంది. ‘రైతుకు రాయితీ’ అని బోర్డు పెట్టి ఎవరూ పిలవరు. రాయితీ ఉన్నది ‘వ్యవసాయానికి మాత్రమే’ అన్న ఆ రెండు మాటల్లో. మీ పని ఆ రెండు మాటలూ మీ చేనుకి వర్తిస్తాయని కాగితం మీద చూపించడం.

ఆ మినహాయింపు ఎందుకు న్యాయమో చూడండి. ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే సుమారు 4 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. ఐదువేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 80 ట్యాంకర్లు. మీ గట్టు జానెడెత్తు ఉండి, మడి అప్పటికే నిండి లేకపోతే ఆ 80 ట్యాంకర్లూ చేలోనే నిలుస్తాయి. అదే ఎకరం డాబాలు, సిమెంటు రోడ్లు అయితే? దాదాపు అన్నీ గంటల్లో డ్రెయిన్ మీద పడతాయి. డ్రెయిన్ మీద బరువు వేస్తున్నది కప్పులూ రోడ్లూ. ఆ బరువు తగ్గిస్తున్నది మీ మడి.

ఈ లెక్క మనం కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 2010 నుంచి వ్యాపార స్థలాలకి వాన నీటి రుసుమును నీళ్లు ఇంకని నేల ఎంత ఉందో కొలిచి వేస్తోంది. జర్మనీలో చాలా ఊళ్లు మురుగు నీటి రుసుమునీ వాన నీటి రుసుమునీ విడదీసి, కప్పులూ గచ్చూ ఆక్రమించిన వైశాల్యాన్ని బట్టి రెండోది కట్టించుకుంటాయి. అక్కడా గొడవలు లేకపోలేదు. మేరీలాండ్ రాష్ట్రం 2012లో ఇలాంటి రుసుము తప్పనిసరి చేస్తే జనం దానికి ‘వాన పన్ను’ అని పేరు పెట్టి ఎదురు తిరిగారు. 2015లో ఆ తప్పనిసరి నిబంధన తీసేశారు. మన దగ్గర వాన నీటికి విడి బిల్లు లేదు, ఆస్తి పన్నులోనే కలిసిపోయింది. కానీ ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే: నీళ్లు తాగే నేలకీ నీళ్లు తోసేసే నేలకీ ఒకే పన్ను వేయవచ్చా?

ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోండి. డెల్టా రైతు మురుగు ఖర్చు ఎగ్గొట్టేవాడని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1964 వరదల తర్వాత ఎ.సి. మిత్ర కమిటీ డెల్టా మురుగు కాలువల సంగతి పరిశీలించింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాకి డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. తన చేలో నిలిచిన నీళ్లు సముద్రం దాకా పోవడానికి రైతు సెస్సు భరించాడు. ఈ గడ్డ మీద మురుగు కోసం రైతు డబ్బిచ్చిన చరిత్ర అంత పాతది. ఇప్పుడు అడుగుతున్నది వేరు, మన చేలోకి రాని డ్రెయిన్‌కి మనల్ని కట్టమంటున్నారు.

ఇక పనిలోకి దిగుదాం.

1. కాగితాన్ని మూడుసార్లు చదవండి. అది ఇంటి పన్నా, ఖాళీ స్థలం పన్నా, నీటి తీరువానా? నీటి తీరువా రెవెన్యూ శాఖది. మేజరు కాలువ కింద సార్వా వరికి ఎకరాకి 200, దాళ్వాకి 150, చేపల చెరువుకి 500 రూపాయలు 1990ల చివర్లో ఖరారైన రేట్లు. అది కాలువ నీళ్లు వాడుకున్నందుకు, మీరు కట్టాల్సిందే. ఖాళీ స్థలం పన్ను మున్సిపాలిటీది, మీరు ప్రశ్నించాల్సింది దాన్ని. ఒకదాని మీద కోపంతో రెండోదాన్ని ఆపేస్తే మీ చేతిలో ఉన్న మంచి సాక్ష్యమే పోతుంది. ఎందుకంటే నీటి తీరువా రశీదు అంటే ‘ఈ భూమికి ఈ ఏడాది పంట నీళ్లు పారాయి’ అని ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం.

తర్వాత సర్వే నంబరు, విస్తీర్ణం సరిపోయాయో చూడండి. పక్కవాడి ప్లాటు మీ పేరున పడి ఉండవచ్చు. మీ అన్నదమ్ముల వాటా కలిసి ఉండవచ్చు. అభ్యంతరం చెప్పడానికి గడువు నోటీసులోనే ఉంటుంది. ఆ తారీఖుని ఎర్ర సిరాతో కేలండరు మీద రాసి గోడకి తగిలించండి.

2. ప్రతి పంటకీ ఈ-పంట నమోదు చేయించండి. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే పని. ‘బీమా ఎలాగూ రాదు, ధాన్యం మిల్లుకే వేస్తాం, నమోదు ఎందుకు?’ అంటారు. పట్నం అంచున చేను ఉన్నవాడికి ఆ నమోదు బీమా కోసం కాదు. ఫలానా సర్వే నంబరులో ఫలానా కాలంలో వరి ఉందని రైతు సేవా కేంద్రం రికార్డు చెబుతుంది. మూడేళ్ల నమోదు వరసగా ఉంటే మీరు కౌంటరు దగ్గర వాదించే పని సగం తగ్గుతుంది. దాంతోపాటు మీభూమిలోంచి అడంగల్, 1బి తీయించి ఉంచండి. ధాన్యం అమ్మిన రశీదులు, సొసైటీలో ఎరువుల బిల్లులు, పంట రుణం పుస్తకం అన్నీ ఒకే సంచిలో ఉండాలి. ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.

3. దాళ్వా మానేసిన ఏడాది జాగ్రత్త. గోదావరిలో నీళ్లు తక్కువైన ఏడాది శివారు చేలకి దాళ్వా అందదు. చేను బీడుగా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే కొలతలకి మనుషులొస్తారు. వాళ్లు చూసింది బీడు, రాసుకుంది ఖాళీ స్థలం. వాళ్లది తప్పనలేం. మరి మనం చేయగలిగిందేమిటి? కోతలకి ముందే మినుములు చల్లండి. అదీ కాకపోతే పిల్లిపెసరో జీలుగో చల్లండి. పశువులకి మేత, చేనుకి సత్తువ, పైగా రికార్డులో పంట. విత్తనం ఖర్చుకీ పన్నుకీ తేడా మీరే లెక్క వేసుకోండి.

4. కౌలుకి ఇచ్చారా? ఇది కాస్త నిదానంగా చెప్పాల్సిన సంగతి. మన వైపు చేను ఒకరిది, చాకిరీ ఇంకొకరిది కావడం మామూలు. తాడేపల్లిగూడెం పక్కన ఎకరంన్నర ఉన్న ఒక టీచరుగారు, ఆవిడ చేను చేసే కౌలుదారు అనుకుందాం. పన్ను నోటీసు ఆవిడకి వచ్చింది. పంట వేసింది ఆయన. ఆవిడ ఆఫీసుకి వెళ్లి ‘మాది పొలమండీ’ అంటే, ‘మీరు టీచరు కదా, వ్యవసాయం ఎవరు చేస్తున్నారు?’ అని అడిగారు. ఆవిడ నోట మాట రాలేదు. కౌలు కార్డుకి తాను సంతకం పెట్టలేదు మరి.

‘సంతకం పెడితే భూమి పోతుందేమో’ అన్న భయం చాలామందిలో ఉంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు పంట మీద హక్కుకే పరిమితం. దాని కాలం 11 నెలలు. భూమి హక్కు యజమానిదే. ఆ కార్డు ఉంటే కౌలుదారుకి రుణం, నష్టపరిహారం దారి తెరుచుకుంటాయి. మీకేమో, చేను సాగులో ఉందన్న సాక్ష్యం దొరుకుతుంది. పన్ను గురించి ఆఫీసుకి వెళ్లేటప్పుడు కౌలుదారుని వెంట తీసుకెళ్లండి. ‘నువ్వు రావయ్యా, రెండు ముక్కలు చెప్పు’ అంటే ఆయన సంతోషంగా వస్తాడు. ఆ చేను గురించి మీకంటే ఆయనకే బాగా తెలుసు.

5. మీ చేత్తో మీరే ప్లాటు అని రాసుకోకండి. ధర పెరుగుతుందని నాలుగు మూలలా రాళ్లు పాతించడం, ‘స్థలం అమ్మబడును’ అని బోర్డు పెట్టడం, గ్రావెలు తోలించి ముందుభాగం మెరక చేయించడం, ఇవన్నీ చూసేవాళ్లకి ఒకటే చెబుతాయి. 2006 నాటి చట్టం కింద నాలా రుసుము కట్టి సాగు భూమిని ఇతర అవసరాలకి మార్పిడి చేయించుకున్నవాళ్లయితే మినహాయింపు అడగడం కష్టం. తర్వాత వరి వేసినా రికార్డు అడ్డం వస్తుంది. ‘అమ్మేటప్పుడు ప్లాటు, పన్ను కట్టేటప్పుడు పొలం’ అన్న మాట మీ మీద పడనివ్వకండి. ఏదో ఒకటి తేల్చుకోండి. అమ్మాలనుకుంటే అమ్మడం తప్పేమీ కాదు, అప్పుడు పన్నూ మీదే.

6. కప్పు ఉన్నంత మేరకి ఒప్పుకోండి. చేలో మోటారు పాక ఉంది, పశువుల కొట్టం ఉంది, పక్కనే చిన్న డాబా కట్టుకున్నారు. అధికారి డాబాని చూపించి మొత్తం ఎకరానికీ పన్ను రాశారు. మీరు ఏమంటారు? ‘ఏదీ కట్టను’ అంటే వాదన చెడుతుంది. డాబా, దాని ముందు వాకిలి కొలిపించండి. అది ఎన్ని గజాలో తేల్చి, ‘దీనికి కడతాను, మిగతాది సాగు భూమి, వేరు చేయండి’ అని రాసివ్వండి. 200 గజాల కప్పు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 16,700 లీటర్లు కిందికి దిగుతాయి. దానికి మీరు బాధ్యులే. మిగిలిన చేనుకి కాదు. నిజాయితీగా ఒక భాగం ఒప్పుకున్న మనిషి మాటకి ఆఫీసులో విలువ ఎక్కువ, నేను చాలాసార్లు గమనించిన సంగతి ఇది. ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు కూడా ఉంటుంది, వదులుకోకండి.

7. అర్జీ చిన్నదిగా రాయండి. నాలుగు పేజీల ఆవేదన ఎవరూ చదవరు. ఇలా రాస్తే చాలు:

‘కమిషనర్ గారికి. ఫలానా సర్వే నంబరులో నాకు ఎకరం ఇరవై సెంట్ల భూమి ఉంది. గత మూడేళ్లుగా సార్వాలో వరి, దాళ్వాలో మినుము సాగు చేస్తున్నాము. ఈ-పంట నమోదు, అడంగల్, నీటి తీరువా రశీదులు జత చేశాను. భూమిలో కట్టడాలు లేవు. వ్యవసాయానికి మాత్రమే వాడుతున్నందున ఖాళీ స్థలం పన్ను నుంచి తొలగించమని, అవసరమైతే స్వయంగా వచ్చి చూడమని కోరుతున్నాను.’

అంతే. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద ముద్ర, తారీఖు వేయించుకోండి. ‘పెద్దాయనా, మేం చూసుకుంటాం, వెళ్లండి’ అని ప్రేమగానే అంటారు. మీరూ ప్రేమగానే, ‘బాబూ, ముద్ర వేసివ్వండి, వెళ్తాను’ అనండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి అదే కాపీ పట్టుకుని వెళ్లండి. ఏలూరు వాళ్లకి ఏలూరులోనే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి తాడేపల్లిగూడెం వాళ్లు భీమవరం వెళ్లాలి. పాత అలవాటులో ఏలూరు వచ్చి రోజంతా పోగొట్టుకోకండి.

8. చేపల చెరువుల వాళ్లకి ఒక మాట. మీరు కూడా ఈ వాదన వాడుకోవచ్చా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వరి మడికి ఉన్న బలం చెరువుకి లేదు. నిండుగా ఉన్న చెరువు కొత్త వానని పట్టుకోలేదు, పైగా దాని గట్టు నీళ్లు పారే దారికి అడ్డం పడుతుంది. కొల్లేరులో 5వ కాంటూరు లోపల, అంటే 1999లో అభయారణ్యంగా ప్రకటించిన 308 చదరపు కిలోమీటర్లలో, చెరువుల గట్లు నీటికి ఎలా అడ్డం పడ్డాయో, 2006లో ప్రభుత్వం వాటిని ఎందుకు కొట్టించాల్సి వచ్చిందో మనందరికీ తెలుసు. చెరువులున్నవాళ్లు తమ లెక్క తాము విడిగా అడగాలి. వరి రైతుల అర్జీలో కలిసి సంతకం పెడితే ఇద్దరి మాటా పలచబడుతుంది.

9. పన్ను తీసేస్తే సరిపోయిందా? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు బాధ పన్నులో లేదు, నీళ్లలో ఉంది.

పట్నం నీళ్లు ఎటు వెళ్తాయో చూడండి. తమ్మిలేరు ఖమ్మం వైపు నుంచి వచ్చి ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేట్లో కలుస్తుంది. ఊళ్లో ప్రతి కొత్త కాలనీ తన వాన నీళ్లని పల్లానికే తోస్తుంది. పల్లంలో ఉన్నది మీ బాడవ చేను. అటు ఎర్రకాలువ నందమూరు అక్విడక్టు దాటాక యనమదుర్రు డ్రెయిన్‌గా పారుతుంది. 2024 జులైలో ఎర్రకాలువ పొంగితే తాడేపల్లిగూడెం చుట్టూ నాట్లు ఎలా మునిగాయో చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు నీళ్లు కొల్లేటి మీదికి వచ్చి లంక గ్రామాలని చుట్టుముట్టాయి. కొల్లేట్లో చేరిన నీటికి సముద్రం వైపు దారి ఉప్పుటేరు ఒక్కటే.

అందుకని పన్ను అర్జీ ఇచ్చిన చేత్తోనే రెండో అర్జీ ఇవ్వండి. మీ చేను పక్క మురుగు బోదెని లేఅవుటు వాళ్లు పూడ్చారా? పుంత మీద రోడ్డు వేసి తూము పెట్టడం మరిచారా? తూము పెట్టినా గుర్రపు డెక్క అడ్డం పడిందా? ఏ సర్వే నంబరు దగ్గర, ఎన్ని అడుగుల మేర, ఎప్పటి నుంచి అన్నది రాయండి. ‘మురుగు బాగా లేదు’ అని రాస్తే ఎవరూ కదలరు. ‘ఫలానా పుంత దగ్గర ఉన్న రెండడుగుల తూము పూడిపోయింది’ అని రాస్తే మనిషిని పంపక తప్పదు. ఊరి లోపలి కాలువ మున్సిపాలిటీది, పెద్ద డ్రెయిన్ జలవనరుల శాఖది. ‘మాది కాదు’ అని ఇద్దరూ అనకుండా ఒకే రోజు ఇద్దరికీ ఇవ్వండి. 2024 డిసెంబరులో నీటి సంఘాలకి ఎన్నికలు జరిగాయి. మీరు ఓటేసిన సభ్యుడు ఉన్నాడు కదా, ఆయన సంతకం కూడా వేయించండి.

ఒక్కరే వెళ్లకండి. అదే బోదె మీద ఆధారపడిన చేలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అందరి సర్వే నంబర్లూ ఒకే కాగితం మీద రాయండి. కాలనీలో ఇల్లు కట్టుకున్నవాళ్లని కూడా కలుపుకోండి. వాళ్లు మీ శత్రువులు కారు. వాళ్ల వీధిలో నీళ్లు నిలవకుండా ఉండాలంటే మీ పక్క బోదె పారాలని ఒకసారి విడమరిచి చెబితే సంతకం పెడతారు. ‘అన్నయ్యా, మా ఇంట్లోకి నీళ్లు ఎందుకొస్తున్నాయో ఇప్పుడు అర్థమైంది’ అని పలుగు పట్టుకుని వచ్చేవాళ్లూ ఉంటారు.

10. మురుగు అర్జీకి సాక్ష్యం కూడబెట్టండి. మృగశిర కార్తెకి ముందు, నేల ఎండి ఉన్నప్పుడు, ఫోను పట్టుకుని గట్టు మీద నడవండి. బోదె మొదలు, మధ్య, చివర మూడు చోట్ల ఫొటోలు తీయండి. తూము కనిపించేలా ఒకటి, పక్కన లేఅవుటు రాయి కనిపించేలా ఒకటి. మళ్లీ మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు అవే చోట్ల, అదే వైపు నిలబడి తీయండి. తారీఖు కనబడేలా కాపీలు వేయించి, ఈ-పంట కాగితాలున్న సంచిలోనే పెట్టండి.